ముందు పళ్ళు లెక్కపెట్టండి
(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షన్ బకాయిల గురించో, ఆరోగ్య కార్డుల గురించో మాట్లాడతానని అనుకున్నవారు మన్నించాలి. ఆ విషయాలు నాకంటే బాగా తెలిసినవారు ఈ వేదిక మీదనే ఉన్నారు. కార్యదర్శిగారు నాకిచ్చిన అంశం "మనమూ, మన వాహనాలూ". దానిని నేను ఇంకా కుదించి ఒకే ఒక్క వస్తువు గురించి చెబుతాను. మోటారు సైకిలు గొలుసుకు అటూ ఇటూ ఉండే పళ్ళ చక్రాలు. మెకానిక్కులు వాటిని స్ప్రాకెట్లు అంటారు. ఎన్ని పళ్ళున్నాయి, ఎన్ని పోయాయి అని లెక్క చూసుకోవడం మన వయసువారికి కొత్త కాదు కనుక విషయం తేలికగానే అర్థమవుతుంది.

మన తరంలో చాలామందికి మొదటి బండి స్కూటరే. బజాజ్ చేతక్ కోసం డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూసినవారు ఈ హాలులో తప్పక ఉంటారు. ఆ స్కూటరుకు గొలుసు లేదు. ఇంజను శక్తి గేరు పళ్ళ ద్వారా నేరుగా వెనుక చక్రానికి పోయేది. అందుచేత గొలుసు సంగతి మనకు సైకిలు వరకే తెలుసు. 1980లో టి.వి.ఎస్. 50 మోపెడు, 1985లో హీరో హోండా సి.డి. 100, 1994లో స్ప్లెండర్ వచ్చాక గొలుసు బండ్లు ఊరూరా నిండిపోయాయి. ఇప్పుడు మన శేరిగూడలో పొద్దున్నే సాగర్ రోడ్డు పక్కన అయిదు నిమిషాలు నిలబడండి. పాల క్యాన్లు, గడ్డి మోపులు, కూరగాయల బస్తాలు, గ్యాసు సిలిండర్లు, అన్నీ ఈ 100 సి.సి. బండ్ల మీదనే పోతుంటాయి. ఇద్దరు మనుషులను మోయడానికి చేసిన బండి అది. మన దగ్గర దానికి ఎడ్లబండి ఉద్యోగం ఇచ్చాము, అదనపు జీతం మాత్రం ఇవ్వలేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఇంజను పక్కన, కవరు లోపల ఒక చిన్న పళ్ళ చక్రం ఉంటుంది. వెనుక చక్రానికి ఒక పెద్దది ఉంటుంది. నా బండికి ముందు 14, వెనుక 42 పళ్ళు. 42ను 14తో భాగిస్తే 3. అంటే ముందుది మూడు చుట్లు తిరిగితే వెనుక చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. ముందు 14 తీసి 13 పళ్ళది వేశామనుకోండి. అప్పుడు 3.23 చుట్లు తిరగాలి. వెనుక చక్రానికి లాగుడు నూటికి దాదాపు 8 పాళ్ళు పెరుగుతుంది. అదే వేగంలో పోవడానికి ఇంజను కూడా నూటికి 8 పాళ్ళు ఎక్కువ తిరగాలి. 14 తీసి 15 వేస్తే దీనికి తలకిందులు. నిష్పత్తి 2.8కి పడిపోతుంది, లాగుడు నూటికి 7 పాళ్ళు తగ్గుతుంది.

ఇది మన కమ్యుటేషన్ వంటిది. పెన్షన్‌లో కొంత భాగం అమ్ముకుంటే ఏకమొత్తం చేతికి వస్తుంది, నెలనెలా వచ్చేది తగ్గుతుంది. ప్రభుత్వం ఏమీ అదనంగా ఇవ్వదు. ఇక్కడా అంతే. స్ప్రాకెట్ కొత్త శక్తిని పుట్టించదు. ఇంజనుకున్న ఏడెనిమిది గుర్రాల బలాన్ని వేగంగా వాడుకోవాలా, లాగుడుగా వాడుకోవాలా అనేది మాత్రమే నిర్ణయిస్తుంది. ఒక తేడా ఉంది. కమ్యూట్ చేసిన భాగం 15 సంవత్సరాలకు తిరిగి మనకు వస్తుంది. స్ప్రాకెట్ విషయంలో పోయిన వేగం మళ్ళీ పానా పట్టుకుంటే తప్ప రాదు.

ఇంకో లెక్క కూడా గుర్తుంచుకోండి. ముందు ఒక పన్ను తగ్గించడమూ, వెనుక మూడు పళ్ళు పెంచడమూ దాదాపు ఒకటే. ముందుది చవక, బిగించడం తేలిక. అయితే చక్రం చిన్నదైన కొద్దీ గొలుసు ఎక్కువ వంగి తిరగాలి, అరుగుదల పెరుగుతుంది. అందుకే ముందు ఒక్క పన్నుకు మించి తగ్గించవద్దంటాను.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మా వీధిలో పాలు పోసే ఒక తమ్ముడు వర్షాకాలం మొదట్లో నా దగ్గరికి వచ్చాడు. నేను నలభై ఏళ్ళుగా నా బండి నేనే విప్పుకుంటానని ఊళ్ళో అందరికీ తెలుసు.

"సారూ, బండి గుంజుతలేదు. బాయికాడి నుంచి రోడ్డు మీదికి ఎక్కాలంటె ఫస్టు గేరే దిక్కయితుంది. ఇంజన్ పోయింది, విప్పాలె అంటున్నరు. తొమ్మిది వేలైతయట" అన్నాడు.

"ఖాళీ బండి ఎట్ల పోతుంది తమ్మీ?"

"ఖాళీది మంచిగనె ఉరుకుతది సారూ."

"పొగ వస్తుందా? నూనె తింటుందా?"

"లేదు సారూ, ఆయిలు పోసింది పోసినట్టె ఉంటున్నది."

పొగ లేదు, నూనె తినడం లేదు, ఖాళీగా బాగా పోతుంది. అటువంటి ఇంజనుకు రోగం ఏమిటి? ముప్పయి ఏళ్ళకు పైగా ఫైళ్ళు చూసినవాణ్ణి, పై సంతకం కంటే ముందు కింది నోటు చదవడం అలవాటు. "ఈ మధ్య బండికి ఏం మార్పించావు?" అని అడిగాను. రెండు నెలల కింద చైన్ సెట్ మార్పించాడట. మైలేజీ బాగా వస్తుందని చెప్పి వేశారట. కవరు విప్పి, సుద్దముక్కతో ఒక పన్ను మీద గీత గీసి లెక్కపెట్టాము. పదిహేను! మనవాడి దగ్గర పాత చైన్ సెట్ గోనెసంచిలో ఇంకా ఉంది. దానికి పద్నాలుగు.

లెక్క వేసి చూపించాను. బండి 110 కిలోలు, మనిషి 65, రెండు 40 లీటర్ల క్యాన్లలో పాలు 82, ఖాళీ క్యాన్ల బరువు ఓ పన్నెండు, పదమూడు. మొత్తం 270 కిలోలనుకోండి. ఇంత బరువుతో ఎత్తు ఎక్కే బండికి 14 తీసి 15 బిగించడమంటే, ఇంకో 19 కిలోల బస్తా నెత్తిన పెట్టినట్టే. ఎవరికీ కనపడని బస్తా అది. ప్రతి పూటా, ప్రతి ఎత్తులో మోయవలసిందే. ఆ బరువుకు బండి మూడో గేరులో మూలిగేది, ఇతను సగం క్లచ్చు పట్టి లాగించేవాడు. ఇంకొన్నాళ్ళు అలాగే నడిపితే క్లచ్చు ప్లేట్లు నిజంగానే కాలిపోయేవి. అప్పుడు తొమ్మిది వేలు కాదు, ఇంకా పైనే అయ్యేది.

15 తీసి ఏకంగా 13 వేయించాము. వందల్లో పోయింది ఖర్చు. మరునాడు రెండో గేరులో రోడ్డెక్కాడు. 15తో పోలిస్తే 36 కిలోలు దించినట్టు కదా! ఇంటికి వచ్చి ఒక లీటరు పాలు పెట్టిపోబోతే మా ఆవిడ డబ్బులిచ్చి పంపింది.

కథ అక్కడితో అయిపోలేదు. అదే బండి మీద అతని కొడుకు పట్నం పోతుంటాడు. వారం తరువాత ఆ పిల్లవాడు వచ్చి, "తాతా, అరవైలో పోతే ఇంజన్ అరుస్తున్నది, పెట్రోలు గూడ ఎక్కువ తాగుతున్నది" అన్నాడు. వాడు చెప్పింది అబద్ధం కాదు. బొంగ్లూర్ గేటు మీదుగా పట్నం దాకా పోయే సాగర్ రోడ్డు నున్నగా, వెడల్పుగా ఉంది. (బొంగ్లూర్ దగ్గర ఔటర్ మీదికి ఎక్కుదామంటే ద్విచక్ర వాహనాలకు అనుమతి లేదు, అది వేరే సంగతి.) అటువంటి రోడ్డుకు 14 సరిపోతుంది. తండ్రికి లాగుడు కావాలి, కొడుక్కు పరుగు కావాలి, బండి ఒక్కటే. చివరికి తండ్రి మాటే నెగ్గింది, ఎందుకంటే ఇల్లు గడిచేది పాల మీద. పిల్లవాడికి ఇప్పటికీ నామీద కోపమే.

ఈ చిక్కు మనకే వచ్చింది కాదు. 1960లలో హోండా వారు అమెరికాలో కొండ దారుల కోసం అమ్మిన చిన్న ట్రయల్ బండ్లకు వెనుక చక్రానికి రెండు పళ్ళ చక్రాలు పక్కపక్కనే బిగించి ఇచ్చేవారు. మామూలు రోడ్డుకు చిన్నది, కొండకు పెద్దది. కొండ దగ్గర ఆగి, గొలుసుకు ఒక అదనపు ముక్క కలిపి పెద్దదాని మీదికి మార్చుకోవాలి. ఆ సౌకర్యం మన బండికి ఉంటే మావాళ్ళింట్లో తగాదా ఉండేది కాదు.

మైలేజీ కోసం 15 వేసుకోవచ్చా అని మొన్న ఒక మిత్రుడు అడిగారు. బల్లపరుపు రోడ్డు మీద, ఒంటరిగా, ఒకే వేగంతో పోయేవారికి కొద్దిగా కలిసి రావచ్చు. మనం భార్యను ఎక్కించుకుని, సంచులు తగిలించుకుని, స్పీడు బ్రేకరుకొకసారి ఆగి పోయేవాళ్ళం. మాటిమాటికీ గేరు దించవలసి వస్తే ఆ మిగులు అక్కడే పోతుంది. వేగం పెరుగుతుందనుకోవడం కూడా భ్రమే. గాలిని చీల్చుకుపోయే బలం చాలక చిన్న ఇంజను పెద్ద నిష్పత్తిని లాగలేక ఒక్కోసారి మునుపటికంటే నెమ్మదిస్తుంది. నా బండికి కంపెనీ ఇచ్చిన 14 అలాగే ఉంది. దానిని మార్చే అవసరం నాకు కనపడలేదు.

బండి లాగకపోతే వెంటనే స్ప్రాకెట్ మార్చమని కూడా నేను చెప్పను. ఇంజను మోగుతూ బండి కదలకపోతే అది క్లచ్చు జారడం. చక్రం చేత్తో తిప్పితే తిరగకపోతే బ్రేకు పట్టుకుని ఉన్నట్టు. టైరులో గాలి చూడాలి. ఇవన్నీ చూశాకనే పళ్ళ మాట. వారంటీలో ఉన్న బండిని ముట్టుకోకండి.

మార్పించేటప్పుడు అరిగిన గొలుసు మీద కొత్త పళ్ళ చక్రం వేయనివ్వకండి. గొలుసు అరిగితే సాగుతుంది, సాగిన గొలుసు కొత్త పళ్ళను కొరికేస్తుంది. సాగిందా లేదా తెలుసుకోవడానికి మనందరి ఇళ్ళలో ఉండే ఆఫీసు స్కేలు చాలు. మన 100 సి.సి. బండ్లకు సాధారణంగా వచ్చే 428 నంబరు గొలుసులో పిన్ను నుంచి పిన్నుకు అర అంగుళం. గొలుసును బిగువుగా పట్టి 20 లంకెలు కొలిస్తే సరిగ్గా 10 అంగుళాలు, అంటే 254 మిల్లీమీటర్లు రావాలి. 259 వచ్చిందంటే దాని సర్వీసు అయిపోయింది, రిటైర్‌మెంటు ఇవ్వవలసిందే. అప్పుడు మూడూ కలిపి మార్చాలి. ముందు ఒక పన్ను తగ్గితే వెనుక చక్రాన్ని సుమారు 3 మిల్లీమీటర్లు వెనక్కి జరపాలి, లేకపోతే గొలుసు వదులవుతుంది. లాక్ క్లిప్పు మూసి ఉన్న కొన గొలుసు పరుగెత్తే వైపు ఉండాలి. ఇది పక్కన నిలబడి చూసుకోండి.

నా బండికి స్పీడోమీటరు కేబులు ముందు చక్రం నుంచి వస్తుంది కనుక పళ్ళు మార్చినా అది సరిగానే చూపిస్తుంది. గేరు పెట్టె నుంచి తీసుకునే బండ్లలో తప్పు చూపిస్తుంది.

లాగుడు పెరిగిందని మూడో క్యాను తగిలించేవారున్నారు. ఇంజను లాగుతుంది, బ్రేకులు మాత్రం పాతవే. ఎత్తు ఎక్కిన బండి పల్లం కూడా దిగాలి. చైన్ కవరు శబ్దం చేస్తోందని తీసిపారేసే అలవాటు కూడా మానండి. వెనుక కూర్చునే ఆడవారి చీర కొంగుకు అదే అడ్డు. ఇంజను నడుస్తుండగా గుడ్డతో గొలుసు తుడవకండి. గుడ్డతో పాటు వేళ్ళు పళ్ళ మధ్యకు పోవడానికి రెప్పపాటు చాలు.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. నా సంచిలో స్కేలు, సుద్దముక్క, పానా ఉన్నాయి. టీ తాగాక బయట వేపచెట్టు కింద ఉంటాను. బండి మీద వచ్చినవారు తీసుకురండి, ఇద్దరం కలిసి లెక్కపెడదాం.