ఆదరించువారిని ఆదరించుడి



మన నెల్లూరు తీరములోని క్రైస్తవ కుటుంబాలకు నర్సు పని కొత్తది కాదు. 1840లో శామ్యూల్ డే గారు నెల్లూరుకు వచ్చి ప్రారంభించిన అమెరికన్ బాప్టిస్టు మిషను, తరువాతి కాలములో ఇక్కడ స్త్రీల కొరకు, పిల్లల కొరకు ఆసుపత్రి నడిపింది, నర్సులకు శిక్షణ ఇచ్చింది. నాటి నుండి ఈ పనిని 'సేవ' అంటున్నాము. మంచి మాటే. అయితే ప్రియులారా, ఆ మాటను అడ్డు పెట్టుకొని మన సహోదరీలపై మోయలేని భారము మోపుతున్నామా?

నిర్గమకాండము 18వ అధ్యాయము చదవండి. మోషే ఉదయము మొదలుకొని సాయంకాలము వరకు ఒక్కడే ప్రజలకు న్యాయము తీర్చుచున్నాడు. మామయైన యిత్రో అది చూచి మెచ్చుకోలేదు. ఇది నీకూ, ప్రజలకూ మంచిది కాదని హెచ్చరించి, పని పంచుకొనే మనుష్యులను నియమించమన్నాడు. మోషే పిలుపులో లోపము లేదు, ఏర్పాటులో లోపమున్నది.

2002లో ప్రచురించబడిన ఒక పరిశోధన కూడా ఇదే చెప్పుచున్నది. అమెరికాలోని పెన్సిల్వేనియాలో లిండా ఐకెన్ గారి బృందము 168 ఆసుపత్రులను పరిశీలించింది. నర్సుకు ఒక్కొక్క రోగి అదనమయ్యేకొద్దీ, ఆమె పనిలో తృప్తి కోల్పోయే అవకాశము 15 శాతము, ఆపరేషను చేయించుకున్న రోగులు మరణించే అవకాశము 7 శాతము పెరిగినట్లు తేలింది. నర్సు నలిగితే రోగియు నలుగును.

మన దేశములో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణము ప్రకారము బోధనాసుపత్రులలో 3 పడకలకు, సాధారణ ఆసుపత్రులలో 5 పడకలకు ఒక నర్సు ఉండాలి. 50 పడకల లోపు ప్రైవేటు ఆసుపత్రిలోనైనా నెల జీతము 20,000 రూపాయలకు తగ్గరాదని, సుప్రీంకోర్టు మాట మేరకు ఏర్పడిన కమిటీ 2016లో సిఫారసు చేసింది.

ఆసుపత్రి నడిపే విశ్వాసీ, ఈ రాత్రి నీ వార్డులో ఒక్క నర్సు ఎందరిని చూస్తున్నదో లెక్కించు. రోగి బంధువులారా, సెలైను అయిపోయిందని కేకలు వేయకముందు, ఆమె ఏ మంచము దగ్గర ఉన్నదో చూడండి. ఇంటివారలారా, నైట్ డ్యూటీ దిగి వచ్చిన బిడ్డకు వంటిల్లు అప్పగించకండి, నిద్రపోనివ్వండి. సంఘ పెద్దలారా, ఆదివారము డ్యూటీ పడి ఆరాధనకు రాలేని సహోదరికి భక్తి తగ్గిందని అనకండి. ఆమె రాగలిగిన వేళలో ఒక కూడిక పెట్టండి.

నర్సులైన సహోదరీలారా, అలసిపోయానని చెప్పుట అవిశ్వాసము కాదు, తగిన జీతమడుగుట దురాశ కాదు. భారము పంచుకొన్న మోషే తన పిలుపును పోగొట్టుకొనలేదు.

ఇతరుల భారము గుర్తించే మనస్సు ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.