బోర్డు ముందు “బాగానే ఉన్నానండి” అనకండి

(శ్రీ విజయపురంలో మన సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన అంశం వైకల్య ధ్రువపత్రం. 2021 జూన్ 1 నుంచి ఈ పత్రాలన్నీ యూడీఐడీ పోర్టల్ ద్వారానే ఇస్తున్నారు. దరఖాస్తు పెట్టడం మన పిల్లలే ఫోన్లో చేసేస్తున్నారు కాబట్టి దాని జోలికి పోను. ఆ తరువాత డాక్టరు ముందో, మెడికల్ బోర్డు ముందో, అవసరమైతే అప్పీలు అధికారి ముందో కూర్చున్నప్పుడు మనం ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి అన్నదే ఈరోజు మాట్లాడతాను.

ముందు, ఎందుకింత పట్టింపో చెబుతాను. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం వైకల్యాల జాబితాను 7 నుంచి 21కి పెంచింది. కానీ రిజర్వేషన్ల వంటి ముఖ్యమైన సౌకర్యాలకు 40 శాతం గీత అలాగే ఉంది. పాత పన్ను విధానంలో ఉన్నవారికి 40 శాతం లేదా ఆపైన ఉంటే 75,000 రూపాయలు, 80 శాతం లేదా ఆపైన ఉంటే 1,25,000 రూపాయల మినహాయింపు. సంపాదించుకోలేని దివ్యాంగులైన సంతానానికి, మన బ్యాంకు పింఛను నిబంధనల ప్రకారం, షరతులకు లోబడి, జీవితాంతం కుటుంబ పింఛను వచ్చే వీలుంది. మనం పోయాక ఆ బిడ్డకు ఆసరా అదే. 38 శాతానికీ 40 శాతానికీ మధ్య తేడా రెండంకెలే అనుకోకండి.

మరో సంగతి కూడా మొదటే చెప్పాలి. కీలు ఎంత వంగుతుంది, చెవికి ఎంత వినిపిస్తుంది అన్నవి కొలతలతో తేలుతాయి. అక్కడ మన మాటలతో శాతం మారదు, మారకూడదు. కానీ మానసిక వ్యాధి, బుద్ధిమాంద్యం, ఆటిజం వంటి వాటిలో ఇంట్లో రోజెలా గడుస్తుందో మనం చెబితేనే వాళ్ళకు తెలుస్తుంది. మానసిక వ్యాధికి ‘ఐడియాస్’ అనే కొలబద్ద ఉంది. తన పనులు తాను చేసుకోవడం, మనుషులతో మెలగడం, మాట్లాడి అర్థం చేసుకోవడం, ఉద్యోగం లేదా ఇంటిపని అనే నాలుగు అంశాలకు ఒక్కోదానికి 0 నుంచి 4 వరకు మార్కులు వేస్తారు. జబ్బు ఎన్నేళ్ళుగా ఉందో అదీ కలుపుతారు. ఆ మార్కులకు ఆధారం రోగి మాట, వెంట ఉన్నవారి మాట.

సరిగ్గా అక్కడే మన తెలుగువాళ్ళకు ఒక అలవాటు అడ్డొస్తుంది. ఎవరైనా “ఎలా ఉన్నారు?” అంటే “బాగానే ఉన్నానండి, ఏదో మీ దయ” అంటాం. ఇంటి కష్టం పదిమందిలో చెప్పుకోవడం నామోషీ. బోర్డు దగ్గరికి ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతికర్ర ఇంట్లో వదిలేసి, పళ్ళ బిగువున నడిచి వెళ్ళే పెద్దలున్నారు. మర్యాద కోసం అన్న మాటే అక్కడ జవాబుగా కాగితం మీదికి ఎక్కుతుంది.

తల్లిని “బాబు అన్నం తింటాడా?” అని అడుగుతారు. “తింటాడండి” అంటుంది. అబద్ధమేమీ కాదు. కానీ పూర్తి నిజం ఇది: “నేను కలిపి ముద్దలు చేసి పెడితే తింటాడు. ముప్పావుగంట పడుతుంది. తనంతట తాను కలుపుకోలేడు. వేడిదీ చల్లదీ తేడా తెలియదు. వాడికి పద్నాలుగేళ్ళు.” పక్షవాతం వచ్చిన పెద్దాయనను “నడుస్తారా?” అంటే “ఆఁ, నడుస్తాను” అని ఊరుకోకూడదు. “గోడ పట్టుకుని పది పన్నెండు అడుగులు వేస్తాను. మెట్లు ఎక్కలేను. రాత్రి బాత్రూమ్‌కి మా అబ్బాయిని లేపాలి. కిందటి నెల రెండుసార్లు పడ్డాను” అనాలి.

తేడా గమనించారా? ఎక్కడా ఏడుపు లేదు, “చాలా కష్టంగా ఉంది సార్” అన్న మాట కూడా లేదు. ఎంత దూరం, ఎంతసేపు, వారానికి ఎన్నిసార్లు, ఎవరి సాయంతో అన్న లెక్క ఉంది. బ్యాంకు వాళ్ళకు ఇది కొత్త కాదు. అప్పు అడగడానికి వచ్చినాయన “వ్యాపారం బ్రహ్మాండం” అంటే మనం రాసుకోం, స్టాక్ స్టేట్‌మెంట్ అడుగుతాం. బోర్డులోని డాక్టరుకూ విశేషణాలతో పనిలేదు.

కాబట్టి అపాయింట్‌మెంటుకు రెండు వారాల ముందే ఒక నోటుబుక్కు పెట్టండి. లేచిన దగ్గర నుంచి పడుకునే దాకా ఏ పనికి ఎవరి సాయం కావలసి వచ్చిందో రోజూ నాలుగు లైన్లు రాయండి. మంచి రోజులుంటే అవీ రాయండి. “వారంలో రెండు రోజులు బాగుంటుంది, మిగతా ఐదు రోజులు మంచం దిగడు” అన్నది నమ్మదగిన మాట. “ఎప్పుడూ ఏమీ చేయలేడు” అంటే, మనిషి నడిచి లోపలికి రావడం చూసిన డాక్టరు ఎలా నమ్ముతాడు? లేనిది చెప్పడం అసలే వద్దు. దివ్యాంగుల సౌకర్యాలను మోసంతో పొందితే చట్టంలోని 91వ సెక్షన్ కింద రెండేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ ఉన్నాయి.

మన దీవుల్లో భాష మరో ఇబ్బంది. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాల్లో పెద్దవాళ్ళకు బజారు హిందీ వచ్చు గానీ ఒంటి బాధ చెప్పుకునే హిందీ రాదు. మనకు పోటు వేరు, సలుపు వేరు, మంట వేరు, తిమ్మిరి వేరు. అన్నింటినీ కలిపి ‘దర్ద్’ అనేస్తే నరాల జబ్బు కాస్తా ఒళ్ళునొప్పులైపోతుంది. వెంట వెళ్ళే పిల్లలకు ఒక్క మాట: అమ్మ చెప్పింది చెప్పినట్టు హిందీలో చెప్పండి. మీ అభిప్రాయం విడిగా, “ఇది నేను చూసింది” అని చెప్పండి. ముఖ్యమైన నాలుగు ఇబ్బందులను హిందీలోనో ఇంగ్లీషులోనో ఒక కాగితం మీద రాసి ఇస్తే ఇంకా మేలు.

కాగితాల సంగతి. డిగ్లిపూర్ నుంచి జీబీ పంత్ ఆసుపత్రికి రావాలంటే 300 కిలోమీటర్లకు పైగా రోడ్డు, దారిలో జరవా గిరిజన రిజర్వు దగ్గర కాన్వాయ్ కోసం ఆగడం. క్యాంప్‌బెల్ బే నుంచైతే ఓడ టికెట్టు దొరకాలి, సముద్రం అనుకూలించాలి. ఒక్క డిశ్చార్జి సమ్మరీ మరిచిపోతే ఆ ప్రయాణమంతా మళ్ళీ చేయాలి. అందుకే పాత రిపోర్టులను తేదీల వరసలో పెట్టి, పైన ఒక్క పేజీలో జబ్బు ఎప్పుడు మొదలైంది, ఎక్కడ చూపించారు, ఇప్పుడు ఏ మందులు వాడుతున్నారు అన్నది రాయండి. చేతికర్ర, వినికిడి యంత్రం, కాలిపర్స్ ఏది వాడుతుంటే అది వెంట తీసుకెళ్ళండి.

శాతం తక్కువ వచ్చిందనిపిస్తే? చట్టంలోని 59వ సెక్షన్ అప్పీలుకు హక్కు ఇచ్చింది. నిర్ణయం వెలువడిన 90 రోజుల్లోగా వేయాలి. పిల్లల తరఫున, తామే వేయలేని వారి తరఫున సంరక్షకులు వేయవచ్చు. అప్పీలు అధికారి మన వాదన చెప్పుకునే అవకాశం ఇచ్చి, కారణాలతో ఉత్తర్వు ఇవ్వాలి. అక్కడ మొదటి డాక్టరును నిందించడంతో సమయం పోగొట్టుకోకండి. మూడు మాటలు చాలు: ఏ నిర్ణయం మీద వచ్చాం, అందులో లెక్కలోకి రాని ఇబ్బంది ఏది, దానికి రుజువు ఏ కాగితం. ఇంటి దగ్గర రెండుసార్లు పైకి చెప్పి చూసుకోండి. అడిగింది అర్థం కాకపోతే మళ్ళీ అడగమనండి. తెలియనిదానికి తెలియదనండి.

చివరిగా ఉద్యోగుల గురించి. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే తీసేయకూడదని, హోదా తగ్గించకూడదని అదే చట్టంలోని 20వ సెక్షన్ చెబుతోంది. ఆ పని చేయలేకపోతే అదే జీతం స్కేలుతో వేరే పనికి మార్చాలి. అందుకని చూపు తగ్గుతోందనో, చేయి వణుకుతోందనో దాచుకుని కౌంటర్లో అవస్థ పడకండి. ఏ పని చేయగలరో, ఏది చేయలేకపోతున్నారో ఇదే పద్ధతిలో రాసివ్వండి. దివ్యాంగులైన పిల్లలున్నవారు ధ్రువపత్రం నకలును సర్వీసులో ఉండగానే రికార్డుల్లో చేర్పించి, అందినట్టు రసీదు తీసుకోండి. మన తరువాత ఆ బిడ్డ తరఫున కార్యాలయాల చుట్టూ తిరిగేవారికి అది పెద్ద ఉపకారం.

కష్టం చెప్పుకోవడం అడుక్కోవడం కాదు. ఉన్నది ఉన్నట్టు చెబితేనే బోర్డు తన పని సరిగా చేయగలుగుతుంది. ఇళ్ళలో ఈ అవసరం ఉన్నవారు ఈ రాత్రే నోటుబుక్కు తీసి మొదటి నాలుగు లైన్లు రాయండి. కాగితాలు సర్దుకోవడంలో సాయం కావాలంటే బ్రాంచిలో నన్ను అడగండి, కూర్చుని చూద్దాం.