కొండ మీది కాలువ – సొకైరె గ్రామం



దక్షిణ అమెరికాలో పడమటి అంచున, పొడుగ్గా సాగిన దేశం చిలీ. దాని ఉత్తరభాగంలో అటకామా ఎడారి ఉంది. ఒకవైపు పసిఫిక్ సముద్రపు చల్లటి ప్రవాహం, మరొకవైపు ఆండీస్ పర్వతాలు. ఈ రెండింటి మధ్య వానమబ్బుకు చోటు లేదు. ఆ ఎడారికి ఎగువన, సముద్రమట్టానికి సుమారు 3,200 మీటర్ల ఎత్తున సొకైరె అనే చిన్న ఊరు ఉంది. ఈవేళ మనం అక్కడికి వెళదాం.

కలామా పట్టణం దాకా విమానం ఉంది. అక్కడినుంచి సుమారు 100 కిలోమీటర్లు రోడ్డు మీద వెళితే శాన్ పెద్రో దె అటకామా వస్తుంది. అక్కడ ఒకటి రెండు రోజులు ఆగండి. ఉన్నపళంగా పైకి ఎక్కితే తలనొప్పి, ఆయాసం తప్పవు. సొకైరెలో గాలి పలచన. మన మైదానంలో ఒక ఊపిరికి అందే ప్రాణవాయువులో మూడింట రెండు వంతులే అక్కడ అందుతుంది. శాన్ పెద్రో నుంచి దక్షిణంగా దాదాపు 90 కిలోమీటర్ల ప్రయాణం. కుడిచేతి వైపు విశాలమైన ఉప్పు మైదానం, ఎడమచేతి వైపు వరుసగా అగ్నిపర్వతాలు కనిపిస్తాయి.

ఊళ్లో రాతిగోడల ఇళ్లు, ఒక పాత చర్చి ఉన్నాయి. వాటికంటే పొలాలే చూడదగ్గవి. కొండవాలున మెట్లు మెట్లుగా కట్టిన మడుల్లో బంగాళాదుంప, మొక్కజొన్న, కినోవా అనే ధాన్యం పండుతాయి. వాన లేనిచోట పంట ఎలాగంటారా? పైకొండల నీరు కాలువ వెంట దిగివస్తుంది. ఆ కాలువే ఊరికి ప్రాణం.

ఏటా అక్టోబరు చివర, అంటే అక్కడి వసంతకాలంలో, ఊరివాళ్లంతా పారలు పట్టి కాలువ పూడిక తీస్తారు. తర్వాత కొండలను, నీటిని పిలుస్తూ పాట పాడతారు. దాన్ని తలాతుర్ అంటారు. థామస్ బార్తెల్ అనే జర్మన్ పండితుడు 1959లోనే ఈ పండుగ గురించి వ్యాసం ప్రచురించారు. ఆ పాట కున్సా భాషలో ఉంది. కున్సా వాళ్ల పూర్వీకుల భాష. క్రమంగా ఇళ్లలోకి స్పానిష్ వచ్చింది, కున్సా వెళ్లిపోయింది. ఇప్పుడు పాడేవాళ్లకే చాలా మాటలకు అర్థం తెలియదు. మళ్లీ నేర్చుకుందామని కొందరు ప్రయత్నిస్తున్నారు.

బడిలో ఒక భాష, బజారులో ఒక భాష, ఇంట్లో తెలుగు మాట్లాడే మీకు ఈ సంగతి వేరే విడమరచి చెప్పనక్కర్లేదు. పాట ఒక్కటే మిగిలితే భాష మిగిలినట్టు కాదు. పొయ్యి దగ్గరా, పొలం గట్టునా మాట ఆడుతూ ఉండాలి.

నీటికీ చిక్కు లేకపోలేదు. దిగువ ఉప్పు మైదానంలో 1984 నుంచి లిథియం తీస్తున్నారు. ఫోన్లకు, విద్యుత్ వాహనాలకు వాడే బ్యాటరీల్లో ఉండేది ఇదే. భూమిలోని ఉప్పునీటిని పైకి తోడి, మడుగుల్లో ఎండబెడతారు. ఇలా తోడుతూ పోతే తమ ఊటలు ఏమవుతాయని చుట్టుపక్కల గ్రామాల వారి దిగులు. 1993లో చిలీ చేసిన చట్టం అటకామా ప్రజలను ఒక జాతిగా గుర్తించి, వారి పూర్వీకుల జలాలకు రక్షణ కల్పించింది. అయినా వివాదం తీరలేదు.

మీరు ఎప్పుడైనా సొకైరె వెళితే, ఊరి పెద్దలను అడిగాకే ఫొటో తీయండి. కాలువ పండుగ మనకోసం ఆడే నాటకం కాదు. వచ్చే ఏడాది పంటకోసం వాళ్లు చేసుకునే పని. తాగే నీళ్లు మీ వెంట తీసుకువెళ్లండి. అక్కడ ప్రతి చెంబు నీటి వెనుకా ఒక ఊరి కష్టం ఉంది.