ఎక్కం అప్పజెప్తే చాలదు

(మంచిర్యాలలో తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పిల్ల బడి నుంచి రాంగనే 'ఎక్కాలు వచ్చినయా?' అని అడుగుతం. గడగడా చదివితే సంతోషపడతం. ఆ ఎక్కంతోని ఏం చేయగలదో కూడా అడగాలె.

మన తాతల కాలంలో లెక్క పట్వారి దస్త్రంల ఉండె. మన దిక్కు బొటనవేలు ఉండె. బస్తా వడ్లు నాగుకు తెస్తే పంటకు బస్తన్నర కొలవాలె. కొలవకపోతే మరుసటి పంటకు రెండుంబావు. మూడో పంటకు మూడు బస్తాలు దాటుతది. ఈ లెక్క ఇయ్యాల ఐదో తరగతి పిల్ల వేస్తది. తాతకు ఎవరూ చెప్పలేదు. చెప్తే జీతగాడు మిగలడు. పుణెలో 1848లో ఫూలే దంపతులు ఆడపిల్లలకు బడి పెట్టింది, హైదరాబాద్‌లో భాగ్యరెడ్డివర్మ బడులు నడిపింది ఈ చీకటి మీదనే.

2021లో కేంద్రం పెట్టిన నిపుణ్ భారత్ ప్రకారం మూడో తరగతి అయ్యేసరికి 9,999 దాకా అంకెలు చదివి రాయాలె. 2022లో మన రాష్ట్రం తొలిమెట్టు పెట్టింది. నాలుగు, ఐదు తరగతుల్లో భిన్నాలు, కొలతలు వస్తయి. వచ్చినయో లేదో మన ఇంట్లనే చూడొచ్చు.

తరుగు చూడండి. 40 కిలోల బస్తాకు 2 కిలోలు తీస్తే 100 బస్తాలకు రెండు క్వింటాళ్లు. 2024-25లో సాధారణ రకం వడ్ల మద్దతు ధర క్వింటాలుకు 2,300. అంటే 4,600 రూపాయలు పోయినట్టు.

మిత్తి చూడండి. నూటికి మూడు రూపాయలంటే తక్కువనిపిస్తది. అది నెలకు. ఏడాదికి 36. పదివేలకు 3,600.

మట్టిపని చూడండి. మూడు మీటర్ల పొడవు, రెండు వెడల్పు, అర మీటరు లోతు తవ్వితే మూడు ఘనపు మీటర్లు. లోతు 40 సెంటీమీటర్లని రాస్తే ఐదో వంతు చెమట గాలికి పోయినట్టే.

మన పిల్లలకు లెక్కలు రావనేటోళ్లున్నరు. ఎండాకాలం తునికాకు కట్టలు కట్టే పిల్లను అడగండి. కట్టకు 50 ఆకులైతే 20 కట్టలకు ఎన్నో నోటితోనే చెప్తది. అదే లెక్క పలక మీద అంకెలల్ల కనిపిస్తే బెదురుతది. పిల్లకు బుద్ధి లేక కాదు. తనకు తెలిసిన లెక్కనే బడిల రాసేటట్టు ఎవరూ చేయలేదు. సార్లు అక్కడ మొదలుపెట్టాలె.

2009 విద్యాహక్కు చట్టం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలన్నది. నలుగురిలో ముగ్గురం మనమే. బడికి పోయి కూర్చుందాం. సంతకం పెట్టి రావొద్దు. మా పిల్లతో తరుగు లెక్క వేయించండి, మిత్తి లెక్క వేయించండి అని అడుగుదాం. వేసేదాక అడుగుదాం.