ఇంట్లో చేసే కాగితం పనికి కూలి లెక్క



2016 అక్టోబర్ 11న మన పాలమూరు నుంచి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు వేరయ్యాయి. జిల్లాలు వేరైనా మన ఇండ్లల్లో పని ఒక్కతీరే ఉన్నది. నాట్లు, పత్తి ఏరుడు అయిపోయినంక చేతికి పని దొరకదు. ఆ ఖాళీ రోజుల్లో మేము కాగితం పని పెట్టుకున్నాం. కవర్లు, చేతి సంచులు, శుభకార్యాలకు కాగితం పూల తోరణాలు, కానుకలు పెట్టి ఇచ్చే చిన్న డబ్బాలు చేస్తున్నాం. ఈ పని గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. మేము చెప్పదలచుకున్నది ముఖ్యంగా ఒకటే: కాగితం కొనే ముందే మన చేతి కూలి రాసుకోవాలి.

ముందుగా గిరాకీ ఎందుకు ఉన్నదో చూద్దాం. 2022 జూలై 1 నుంచి దేశమంతటా ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు కొన్నింటిని నిషేధించారు. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు, ప్లాస్టిక్ జెండాలు, అలంకారానికి వాడే థర్మోకోల్, మిఠాయి డబ్బాల మీద చుట్టే ప్లాస్టిక్ కాగితం ఆ జాబితాలో ఉన్నాయి. 2022 డిసెంబర్ 31 నుంచి 120 మైక్రాన్ల కంటే పలుచని ప్లాస్టిక్ చేతి సంచులు కూడా అమ్మకూడదు. అంటే ఆగస్టు 15కు బడి పిల్లలు పట్టుకునే జెండాలు, పెండ్లి పందిట్లో థర్మోకోల్‌తో చేసే అలంకారం, బట్టల దుకాణం సంచి, ఇవన్నీ మన చేతులకు వచ్చే పనులే.

అయితే ఏ కాగితం ఎక్కడ పనికొస్తదో తెలుసుకొని చేయాలి. పాత పేపర్ కవర్లు గాజుల దుకాణానికి, ఫ్యాన్సీ దుకాణానికి, మందుల దుకాణానికి బాగుంటాయి. మిర్చి బజ్జీలకు, పకోడీలకు, మిఠాయిలకు మాత్రం ఇవ్వొద్దు. అచ్చు సిరాలో ఉండే రసాయనాలు వేడికి, నూనెకు తిండిలోకి దిగుతాయి. న్యూస్ పేపర్లో తినే వస్తువులు చుట్టొద్దని మన దేశ ఆహార భద్రత సంస్థ 2016లోనే హెచ్చరించింది. బండి దగ్గర అవే అడుగుతారు, నిజమే. తినేది మన పిల్లలే గదా! వాళ్లకు అచ్చు లేని తెల్ల కాగితంతో చేసి ఇద్దాం, ధర ఎందుకు ఎక్కువో చెబుదాం.

గద్వాల చీర సంగతి కూడా అంతే. నూలు చీరకు పట్టు అంచు, జరీ కొంగు. నేసేటోళ్లు రోజుల తరబడి మగ్గం మీద కూర్చుంటే తయారయ్యే చీర అది. దాన్ని పాత పేపర్లో చుడితే సిరా అంటుతుంది. చీరకు ఆనుకొని తెల్ల కాగితం, పైన గట్టి గోధుమరంగు కాగితం సంచి, ఇట్ల చేసి చూపిస్తే దుకాణదారులు ఒప్పుకుంటారు. కొల్లాపూర్ మామిడిపండ్ల అట్టపెట్టెలు మాత్రం మనం ఒప్పుకోవద్దు. ఆ బరువుకు పొరల అట్ట కావాలి, అది మిషన్ పని. అట్లనే విందుల్లో, జాతరల్లో భోజనానికి మోదుగాకు విస్తరి ఉండగా కాగితం ప్లేటు అక్కర లేదు. విస్తరి కుట్టుడు కూడా మన ఆడోళ్ల పనే.

ఇక చేసే తీరు. కాగితానికి గుడ్డకున్నట్టే ఒక వాలు ఉంటుంది. న్యూస్ పేపర్ను పైనుంచి కిందికి చింపితే తిన్నగా చిరుగుతుంది, అడ్డంగా చింపితే వంకర పోతుంది. తిన్నగా చిరిగే వైపు పెద్ద మడత పెడితే మడత సాఫుగా వస్తుంది. కాగితం మందాన్ని జీఎస్ఎం అని చెబుతారు. ఒక చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క. 80 జీఎస్ఎం ఏ4 కాగితం ఒకటి దాదాపు 5 గ్రాములు. 500 కాగితాల కట్ట రెండున్నర కిలోలు తూగాలి. తక్కువ తూగితే పలుచటి సరుకు ఇచ్చినట్టే. కొనేటప్పుడు తూకం వేయించడానికి మొహమాటం వద్దు.

లై ఇంట్లోనే కాచుకోవచ్చు. ఒక గ్లాసు మైదాను చల్లటి నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, ఐదు గ్లాసుల నీళ్లు పోసి, సన్న మంట మీద తిప్పుతూ మెరుపు వచ్చేదాకా ఉడికించాలి. పురుగు పట్టకుండా కొందరు మైలుతుత్తం కలుపుతారు. అది విషం. పిల్లలు తిరిగే ఇంట్లో వద్దు. రెండు రోజులకు సరిపడా కాచుకుంటే చాలు. అంటించిన సంచులను నీడలో బరువు పెట్టి ఆరబెట్టాలి. ఆరినంక ఒక సంచిలో రెండు కిలోల బియ్యం పోసి కాసేపు వేలాడదీయాలి. అడుగు ఊడకపోతేనే దుకాణానికి పంపాలి.

ఇప్పుడు అసలు లెక్క. ఉదాహరణకు తాడు పిడి ఉన్న వంద సంచులు అనుకుందాం. కాగితం 150 రూపాయలు, తాడు 60, మైదా, గ్యాస్ 20, ఆటో 20. మొత్తం 250 రూపాయలు. చేయి తిరిగిన మనిషికి ఒక్కో సంచికి నాలుగు నిమిషాలు పట్టిందనుకుంటే వంద సంచులకు ఏడు గంటలకు కొంచెం తక్కువ. 2024-25లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 300 రూపాయలు. ఎనిమిది గంటలకు ఆ కూలి అయితే ఏడు గంటలకు 262 రూపాయలు. సరుకు 250, కూలి 262, కలిపితే 512. అంటే సంచికి 5 రూపాయల 12 పైసల కంటే తక్కువ పడితే మన కూలి కూడా రాదు.

దుకాణదారు "నాలుగు రూపాయలకు ఇయ్యి అమ్మా, రోజూ తీసుకుంట" అంటాడు. మనం సంబరపడతాం. వంద సంచులకు 400 వస్తాయి, ఖర్చు పోను 150 మిగులుతాయి. ఏడు గంటలకు 150 అంటే గంటకు 21 రూపాయలు. పొలం దగ్గర ఇంత కూలి ఇస్తామంటే ఒక్కరన్నా పోతమా? ఇంట్లో కూర్చొని చేసిన పని గనుక దాన్ని మనమే లెక్కలోకి తేవడం లేదు. "ఖాళీగా ఉండే బదులు" అని మనమే అంటాం, ఎదుటి మనిషి ఆ మాట పట్టుకొని ధర తగ్గిస్తాడు.

ఇంకొక మాట గట్టిగా చెప్పాలి. ఆర్డర్ తొందర ఉన్నప్పుడు రాత్రిపూట పదో తరగతి చదివే ఆడపిల్లను కూడా మడతలకు కూర్చోబెడతాం. మగపిల్లగాన్ని మాత్రం చదువుకోమంటాం. ఆ బిడ్డ గంటలు ఏ పుస్తకంలోనూ ఎక్కవు, పరీక్షలో మాత్రం కనబడతాయి. మేము చాలామందిమి పదితో ఆగినోళ్లమే. మన బిడ్డలు ఆగొద్దు. బిడ్డ చదువు తీసుకుంటేనే పూర్తయ్యే ఆర్డర్ మనకు వద్దు. సంఘంలో ఇంకో నలుగురిని కలుపుకుందాం. కత్తిరించుడు ఒకరు, మడత ఒకరు, లై ఒకరు, పిడి ఒకరు పట్టుకుంటే పని తొందరగా సాగుతుంది, అన్ని సంచులు ఒక్కతీరు వస్తాయి.

ఉద్దెర విషయంలో కూడా జాగ్రత్త. మాకు ఒక దుకాణం నుంచి మూడు నెలలు పైసలు రాలేదు. తిరిగిన బస్సు ఛార్జీలు కూడా మా మీదనే పడ్డాయి. అందుకని ఇప్పుడు సగం పైసలు ముందే తీసుకొని, ఎన్ని, ఏ సైజు, ఏ తారీఖు, ఏ ధర అని కాగితం మీద రాయించుకొని సంతకం పెట్టించుకుంటున్నాం. పైసలు సంఘం ఖాతాలో పడేట్టు చూస్తున్నాం. నమూనా సంచి ఒకటి వాళ్ల దగ్గర, ఒకటి మా దగ్గర ఉంచుతున్నాం.

గిరాకీ కాలాన్ని ముందే చూసుకోవాలి. శ్రావణంలో కానుక సంచులు, ఆగస్టులో జెండాలు, పెండ్లిళ్ల నెలల్లో తోరణాలు, మాఘంలో గద్వాల జమ్ములమ్మ జాతరకు గాజుల కవర్లు. నెల ముందు కాగితం కొని పెట్టుకుంటే చివరి రోజున ఎక్కువ ధర పెట్టే అవసరం ఉండదు. అప్పు కావాలంటే బ్యాంకు లింకేజీ ఉన్నది, స్త్రీనిధి ఉన్నది. అయితే కూలి లెక్క రాయకుండా అప్పు తీసుకోవద్దు. కూలి మిగలని పనికి వడ్డీ ఎక్కడి నుంచి కడతాం?

సమాఖ్యను మేము కోరేది రెండు. నెలవారీ సమావేశంలో పొదుపు, అప్పు పుస్తకాలతో పాటు గంటల పుస్తకం కూడా తీయాలి. ఎవరు ఎన్ని గంటలు చేశారో అందులో ఎక్కాలి. రెండోది, మూడు జిల్లాల్లో కాగితం పని చేసే సంఘాలన్నీ కలిసి ఒక తక్కువ ధర నిర్ణయించుకోవాలి. ఒక సంఘం ఐదున్నర అంటే పక్క సంఘం నాలుగుకు ఇస్తే ఇద్దరమూ మునుగుతాం.

వచ్చే నెల సమావేశానికి వచ్చేటప్పుడు ప్రతి సంఘం తాము చేసిన ఒక సంచి, దాని ఖర్చు, దానికి పట్టిన నిమిషాలు రాసుకొని తెండి. అందరం కూర్చొని అక్కడే ధర కడదాం.