పార్టీలు, పార్టీ వ్యవస్థలు, మన సంఘాలు

(బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో రైల్వే, తపాలా ఉద్యోగుల అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ తరగతికి అంశం ప్రకటించగానే యువ సభ్యులొకరు మమ్ములను సూటిగా ప్రశ్నించినారు: "రైల్వే ప్రవర్తనా నియమావళి అయిదవ నియమం ప్రకారం మనం ఏ రాజకీయ పార్టీలోను సభ్యులుగా ఉండరాదు. తపాలా సోదరులకు 1964 నాటి నియమావళిలో అదే ఆంక్ష ఉన్నది. ఇక పార్టీల చర్చ మనకెందుకు?"

ప్రశ్న సబబైనదే. అయితే అదే నియమం మనకు ఓటు హక్కును మిగిల్చినది. ఓటు ఎవరికి వేసినదీ బయటపెట్టరాదని మాత్రమే అన్నది. పార్టీలో చేరలేము గాని, మన జీతం, బోనసు, పింఛను, క్వార్టరు, చివరకు మన ఉద్యోగం ఉండుటా ఊడుటా నిర్ణయించేది ఆ పార్టీలే. ఇంట్లోకి అడుగు పెట్టరాదన్న మాత్రాన, ఆ ఇంటివారు మన గురించి ఏమి తీర్మానించుకొంటున్నారో తెలుసుకోరాదని అర్థం కాదు.

పార్టీ అంటే ఏమి? అధికారం పొందుటకు పోటీపడే వ్యవస్థీకృత బృందం. కేవలం కోర్కెలు సాధించుకొనుటకు ఏర్పడినది సంఘం. అధికారాన్నే కోరేది పార్టీ. ఈ తేడాను మరచిపోకుండా ఉంటే ముందు చెప్పబోయేది తేలికగా బోధపడుతుంది.

పార్టీ వ్యవస్థలను స్థూలంగా నాలుగు విధాలుగా చెప్పవచ్చును. చట్టమే ఒక్క పార్టీకి అధికారం కట్టబెట్టేది ఏకపక్ష వ్యవస్థ. 1990 వరకు సోవియట్ యూనియన్‌లో ఉన్నది ఇదే. ఎన్నికలు స్వేచ్ఛగా జరుగుతున్నా దీర్ఘకాలం ఒకే పార్టీ గెలుస్తూ ఉండేది ప్రాబల్య పక్ష వ్యవస్థ. 1955 నుండి 1993 వరకు జపాన్ దీనికి ఉదాహరణ. అధికారం రెండు పార్టీల మధ్యనే చేతులు మారేది ద్విపక్ష వ్యవస్థ. అమెరికా దానికి నమూనా. అనేక పార్టీలు కలిస్తే తప్ప ప్రభుత్వం నిలవనిది బహుపక్ష వ్యవస్థ. ఇటలీ, ఇజ్రాయెల్ వంటివి ఈ కోవలోనివి.

ఒక దేశంలో ఎన్ని పార్టీలు నిలుస్తాయన్నది ప్రజల అభిరుచి మీద మాత్రమే ఆధారపడి ఉండదు. ఓట్లు లెక్కించే పద్ధతి మీద కూడా ఆధారపడి ఉంటుంది. ఫ్రెంచి పండితుడు మారిస్ దువర్జే 1951లో ఈ సంగతినే సిద్ధాంతీకరించినాడు. అందరికన్న ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవాడే గెలిచే పద్ధతి రెండు పార్టీల వైపు నెడుతుంది. వచ్చిన ఓట్ల దామాషాలో సీట్లు పంచే పద్ధతి అనేక పార్టీలను బ్రతకనిస్తుంది.

మన తెలుగు నేల మీదనే దీనికి రుజువులున్నవి. 1955లో ఆంధ్ర రాష్ట్ర శాసనసభ ఎన్నికలలో కమ్యూనిస్టు పార్టీకి సుమారు 31 శాతం ఓట్లు వచ్చినవి. 196 స్థానాలలో దక్కినవి మాత్రం 15. ఎదుటి పక్షాలు ఒక్కటై నిలిచినవి గనుక అట్లు జరిగినది. అంత పాత కథ ఎందుకంటారా? 2019లో తెలుగుదేశానికి సుమారు 39 శాతం ఓట్లు రాగా, 175 స్థానాలలో 23 మాత్రమే లభించినవి. అయిదేళ్ళ తరువాత, 2024లో, వై.ఎస్.ఆర్. కాంగ్రెస్‌కు దాదాపు అదే 39 శాతం ఓట్లు వచ్చినవి. స్థానాలు 11. పదిమందిలో నలుగురు ఓటరు ఏ పక్షాన నిలిచినా, వారి వాణి సభలో అంత పలుచబడినది. ఓడిన పక్షం అభిమానులు దీనిని అన్యాయమన్నారు, గెలిచినవారు ప్రజాతీర్పన్నారు. అయిదేళ్ళలో ఇద్దరూ మాటలు మార్చుకొన్నారు. లెక్క మాత్రం మారలేదు.

ఇక దేశం నడచిన బాట చూద్దాము. 1952లో కాంగ్రెస్‌కు సుమారు 45 శాతం ఓట్లతో 489 లోక్‌సభ స్థానాలలో 364 వచ్చినవి. నాటి పరిస్థితిని పరిశీలించిన రజనీ కొఠారీ 1964లో దానికి 'కాంగ్రెస్ వ్యవస్థ' అని పేరు పెట్టినారు. ప్రతిపక్షం బయట కన్న ఆ పార్టీ లోపలనే ఎక్కువగా ఉండెడిది. 1967లో పలు రాష్ట్రాలలో ఆ కోట బీటలు వారినది. 1977లో కేంద్రంలోనే కూలినది. 1982 మార్చి 29న పుట్టిన తెలుగుదేశం తొమ్మిది నెలలు తిరిగేసరికి, 1983 జనవరిలో, ఆంధ్ర ప్రదేశ్‌లో రెండు వందలకు పైగా స్థానాలు గెలిచినది. ఒక ప్రాంతీయ పార్టీ 1984 ఎన్నికల తరువాత లోక్‌సభలో ప్రధాన ప్రతిపక్షంగా కూర్చున్నది కూడా అదే. 1989 నుండి 2014 వరకు ఏ ఒక్క పార్టీకీ సొంతంగా మెజారిటీ రాలేదు. 2014లో, 2019లో భారతీయ జనతా పార్టీకి వచ్చినది. 2024లో 240 స్థానాల దగ్గర ఆగి, మిత్రపక్షాల అండతో ప్రభుత్వం ఏర్పరచినది.

మనం కూర్చున్న ఈ ఊరి సంగతి వేరు. 1931లో పూర్తయిన రాయపూర్–విజయనగరం మార్గం మనవారికి ఈ ప్రాంతాన్ని దగ్గర చేసినది. మన తాతలు పార లేక ఎర్రజెండా, పచ్చజెండా పట్టుకొని పనిలోకి వచ్చినవారే. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ ఏర్పడిన నాటి నుండి ఇక్కడ ద్విపక్ష వ్యవస్థ పాతుకొన్నది. 2013లో రెండు పెద్ద పార్టీల ఓట్ల మధ్య తేడా ఒక్క శాతం కన్న తక్కువ. 2018లో కాంగ్రెస్‌కు 90లో 68 స్థానాలు, 2023లో భారతీయ జనతా పార్టీకి 54. మూడవ శక్తిగా 2016లో అజిత్ జోగి స్థాపించిన పార్టీకి మన బిలాస్‌పూర్ ప్రాంతంలోనే పట్టుండెడిది. 2018లో 5 స్థానాలు గెలిచినది. 2023లో ఒక్కటీ దక్కలేదు. మూడవ పక్షానికి ఈ లెక్కింపు పద్ధతిలో ఎంత గడ్డుకాలమో చూడండి.

ఇక మన కడుపుకు సంబంధించిన ప్రశ్నకు వద్దాము. రెండు పార్టీలు పోటీపడితే ఓటరుకు మేలు జరుగుతుందని పుస్తకాలు చెప్పుతవి. పింఛను విషయం పరిశీలించండి. 2004 జనవరి 1 నుండి చేరిన కేంద్ర ఉద్యోగులకు పాత పింఛను లేకుండా చేసిన నిర్ణయం ఒక కూటమి ప్రభుత్వం 2003 డిసెంబరులో తీసుకొన్నది. దానికి 2013లో చట్టబద్ధత కల్పించినది ఎదుటి కూటమి. నాటి ప్రధాన ప్రతిపక్షం మద్దతు ఇచ్చినది. తిరుగుడు కుర్చీలో మనుషులు మారినారు, కాగితం మారలేదు. మరి 2022లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం తన రాష్ట్ర ఉద్యోగులకు పాత పింఛను పునరుద్ధరించినది గదా అంటారు. నిజమే. ఆ పార్టీ 2023లో ఓడినది కూడ నిజమే. మన ఒక్క కోర్కె ఎన్నికను మలుపు తిప్పుతుందని గర్వపడరాదు. మన కోర్కెకు విలువే లేదని క్రుంగరాదు. 2024 ఆగస్టులో కేంద్రం ఏకీకృత పింఛను పథకాన్ని ఆమోదించినది, 2025 ఏప్రిల్ 1 నుండి అది అమలులోకి వచ్చినది. అది చాలునా చాలదా అన్నది మరొక తరగతి. కాని ఇరవై యేళ్ళు మూసుకొని ఉన్న తలుపు కొంతైనా కదిలినదంటే, పార్టీలను మార్చినందువలన మాత్రమే కాదు, ఏ పార్టీ ఉన్నా ఒకే మాట అడిగినందువలన.

మన ఇంటిలో కూడ ఒక పార్టీ వ్యవస్థ ఉన్నది. 1920లో ఏ.ఐ.టి.యు.సి., 1947లో ఐ.ఎన్.టి.యు.సి., 1948లో హెచ్.ఎం.ఎస్., 1955లో బి.ఎం.ఎస్., 1970లో సి.ఐ.టి.యు. పుట్టినవి. రాజకీయాలలో వచ్చిన ప్రతి చీలికకు కార్మికోద్యమంలో ఒక చీలిక. 2007లో రైల్వేలో సంఘాల గుర్తింపుకు తొలిసారి రహస్య ఓటింగు జరిగినది, 2013లోను, 2024 డిసెంబరులోను మళ్ళీ జరిగినది. చెల్లిన ఓట్లలో 35 శాతం, లేదా మొత్తం ఓటర్లలో 30 శాతం రావలెను. తపాలాలో 1993 నాటి నియమాల ప్రకారం మొదటి సంఘానికి 35 శాతం, రెండవదానికి 15 శాతం సభ్యత్వం కావలెను. దువర్జే చెప్పినది ఇక్కడ కూడ పనిచేస్తుంది: గుర్తింపు సాధారణంగా ఒకటి రెండు సంఘాలకే దక్కుతుంది, మిగిలినవి గుమ్మం బయట నిలబడతవి. గుర్తింపు పొందినవారు గుమ్మం బయటివారి మాట కూడ లోపల వినిపించవలెను. అది వారి ధర్మం.

మేము కళ్ళారా చూచిన సంగతి ఒకటి చెప్పుతాము. ఏ డివిజనో చెప్పనక్కరలేదు. వాన కురిస్తే క్వార్టర్ల పైకప్పులు కారుతున్నవి. రెండు సంఘాలు ఒకే కోర్కె మీద రెండు వేరు వేరు దినాలలో వినతిపత్రాలు ఇచ్చినవి. ఒకరి ప్రతిలో ఎదుటివారి తప్పులు, మరొకరి ప్రతిలో వీరి తప్పులు. అధికారి రెండింటిని చదివి, "మొదట మీరు ఒక మాటకు రండి" అని తిరిగి ఇచ్చివేసినాడు. ఆ వర్షాకాలం అంతా బిందెలు, బాల్చీలు పట్టినవారు ఏ సంఘం వారో పైకప్పు అడగలేదు.

దీనికి ఎదురు ఉదాహరణ 1974. మా తండ్రుల తరం నాటి మాట. వేర్వేరు పార్టీలవైపు మొగ్గే సంఘాలు ఒక జాతీయ సమన్వయ సంఘంగా కలిసి, జార్జి ఫెర్నాండెజ్ నాయకత్వాన మే 8న సమ్మెకు దిగినవి. ఒక పెద్ద సమాఖ్య కలిసి రాలేదు. ఇరవై దినాల తరువాత కోర్కెలు తీరకుండానే సమ్మె ముగిసినది. అణచివేత తీవ్రంగా ఉండినది. అంతటితో కథ ముగియలేదు. 1977లో కేంద్రంలో ప్రభుత్వం మారినది. తొలగింపబడినవారు తిరిగి ఉద్యోగాలలో చేరినారు. 1979–80 నుండి రైల్వేలో ఉత్పాదకతకు ముడిపెట్టిన బోనసు వచ్చినది. సమ్మె లేకుంటే ఆ కోర్కె ఎవరి చెవిన పడెడిది కాదు. పార్టీ వ్యవస్థ మారకుంటే అది అంత త్వరగా తీరెడిది కాదు. రెండూ కావలెను. ఒకటి మన చేతిలో ఉన్నది, మరొకటి దేశ ప్రజలందరి చేతిలో ఉన్నది.

నిధుల విషయం ఒక్క మాట. 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం రాజకీయ నిధిని వేరుగా ఉంచమన్నది, దానికి చందా ఇవ్వని సభ్యునికి ఏ నష్టమూ కలుగరాదన్నది. తపాలా సంఘాల నియమాలు ఇంకా కఠినమైనవి: రాజకీయ నిధే ఉండరాదు. 2023 ఏప్రిల్‌లో నిధుల వినియోగంపై ఆరోపణతోనే తపాలా శాఖ ఎన్.ఎఫ్.పి.ఇ. గుర్తింపును ఉపసంహరించినది. ఆరోపణలోని మంచిచెడ్డలు ఇక్కడ తేల్చబోము. ప్రతి శాఖ కోశాధికారి మాత్రం తన లెక్కల పుస్తకం ఈ రాత్రికే ఒకసారి తెరచి చూచుకొనవలెను.

ముగింపుగా మూడు మాటలు. ఓటు మీది, గుట్టుగా వేయండి, తప్పక వేయండి. అభ్యర్థి ఏ పార్టీవారైనా ఒకే కోర్కెల పత్రం ఇవ్వండి, సమాధానం వ్రాసి పెట్టుకోండి, అయిదేళ్ళ తరువాత చదివి వినిపించండి. పక్కనున్న సంఘం వారితో పోటీ ఉండవచ్చును, గుర్తింపు ఓటింగు నాటి సాయంత్రంతో అది ముగియవలెను. మరునాడు షెడ్డులోను, సార్టింగు ఆఫీసులోను కలిసి కూర్చొనవలసినవారము మనమే.

ఇక ప్రశ్నలు అడగండి. మొదట ప్రశ్నించిన ఆ యువ సభ్యులే మొదలుపెట్టవలెనని మా కోరిక.