"ఏం కాదులే" అనే ముందు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను 1989 పదో తరగతి బ్యాచ్. వృత్తి ఫిజియోథెరపీ. ఆపరేషన్ అయినవాళ్ళను మళ్ళీ నడిపించడం, దెబ్బ తగిలిన ఆటగాళ్ళను మళ్ళీ బరిలోకి పంపడం నా పని. మన కార్యదర్శి గారు ఫోన్ చేసి, "ఆరోగ్యం మీద ఏదన్నా చెప్పు, పావుగంట చాలు" అన్నారు. బీపీ గురించీ షుగర్ గురించీ నేను మీకు కొత్తగా చెప్పేది లేదు. ఇందాక భోజనాల దగ్గర ఎవరు బొబ్బట్టు వేయించుకున్నారో, ఎవరు విస్తరికి చెయ్యి అడ్డం పెట్టారో చూశాను. అందుకని ఇంకో సంగతి ఎంచుకున్నాను. అది భయం.

మా క్లినిక్‌లో పక్కపక్కనే రెండు మంచాలు ఉంటాయి. ఒకదాని మీద ఇరవై ఏళ్ళ కబడ్డీ కుర్రాడు ఉంటాడు, మోకాలి లిగమెంట్ తెగి ఆపరేషన్ అయినవాడు. రెండోదాని మీద డెబ్బైకి దగ్గర పడ్డ పెద్దావిడ, మోకాలి కీలు మార్పించుకున్నావిడ. వయసులో, బలంలో, చదువులో ఎక్కడా పోలిక లేదు. నేను మోకాలి మీద చెయ్యి వేయగానే మాత్రం ఇద్దరిదీ ఒకటే తీరు. చేతులు చల్లబడతాయి, భుజాలు బిగుసుకుంటాయి, ఊపిరి పైపైనే ఆడుతుంది.

దీన్ని పిరికితనం అనకండి. అపాయం ఉందని మెదడు అనుకుంటే చాలు, మూత్రపిండాల మీద ఉండే ఎడ్రినల్ గ్రంథులు ఎడ్రినలిన్ విడుదల చేస్తాయి. గుండె వేగం పెరుగుతుంది. కండరాలకు రక్తం ఎక్కువగా పోతుంది. నోరు ఎండిపోతుంది, కడుపులో తిప్పుతుంది. ఎదిరించడానికో పరుగెత్తడానికో ఒళ్ళు చేసుకునే తయారీ ఇది. అమెరికా శాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1915లోనే దీని మీద పుస్తకం రాశారు. పులి ఎదురైనా, పరీక్ష పేపర్ ఎదురైనా, ఆపరేషన్ థియేటర్ తలుపు ఎదురైనా ఒళ్ళు చేసేది ఒకటే. చిక్కేమిటంటే, పులి ఎదురైతే పరుగెత్తొచ్చు. థియేటర్ బయట స్ట్రెచర్ మీద పడుకున్న మనిషి ఎక్కడికి పరుగెత్తుతాడు?

ఆటగాడికి ఈ తయారీ కొంతవరకు కావాలి. మన ఊళ్ళో డప్పు కొట్టేవాళ్ళను గుర్తు చేసుకోండి. వాయించే ముందు మంట దగ్గర కాస్తారు. కాచకపోతే తోలు మెత్తబడి మోగదు, ఎక్కువ కాస్తే పగులుతుంది. 1908లో యర్క్స్, డాడ్సన్ అనే ఇద్దరు పరిశోధకులు ఎలుకలకు పని నేర్పుతూ ఇలాంటిదే గమనించారు. పని కష్టమైనదైతే, ఒత్తిడి మధ్యస్థంగా ఉన్నప్పుడే అవి త్వరగా నేర్చుకున్నాయి. ఆటల మనస్తత్వశాస్త్రంలో ఇప్పటికీ ఆ మాట చెబుతారు. అంటే కోచ్ పని భయాన్ని చంపడం కాదు, సెగ చూసుకోవడం.

సెగ మించితే ఎంత గొప్పవాళ్ళయినా ఆగాల్సిందే. జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ 2021లో టోక్యో ఒలింపిక్స్ టీమ్ ఫైనల్ మధ్యలో తప్పుకున్నారు. గాలిలో తిరుగుతుండగా తన ఒళ్ళు ఎక్కడుందో తనకే తెలియని స్థితి వచ్చింది. ఆ స్థితిలో ఆడితే మెడ విరగొచ్చు. "పారిపోయింది" అన్నవాళ్ళూ ఉన్నారు. ఆమె అదే ఒలింపిక్స్ చివరిలో బీమ్ మీద కాంస్యం గెలిచారు. 2024 పారిస్‌లో మూడు స్వర్ణాలు, ఒక రజతం గెలిచారు. మన అభినవ్ బింద్రా 2008 బీజింగ్‌లో దేశానికి తొలి వ్యక్తిగత ఒలింపిక్ స్వర్ణం తెచ్చారు. గెలిచాక తనను కమ్ముకున్న కుంగుబాటు గురించి ఆయనే తర్వాత బహిరంగంగా చెప్పారు. ఓడినవాడికే బాధ అనుకుంటాం. పతకం మెడలో ఉన్నవాడిని మనం అడగను కూడా అడగం.

ఆటగాళ్ళకు ఇప్పుడు కోచ్ ఉన్నాడు, ఫిజియో ఉన్నాడు, పెద్ద జట్లలో మానసిక శిక్షకులూ ఉన్నారు. మరి రోగికి ఎవరున్నారు?

ఇక్కడ మీకు ఒక పాత పరిశోధన చెప్పాలి. 1964లో అమెరికాలో ఎగ్బర్ట్ అనే మత్తు డాక్టరు, ఆయన సహచరులు ప్రచురించారు. కడుపు ఆపరేషన్ చేయించుకోబోయే 97 మందిని తీసుకున్నారు. అందరినీ ముందురోజు మత్తు డాక్టరు చూశారు. అయితే కొందరికి మాత్రం అదనంగా కొంత చెప్పారు. "లేవగానే ఇక్కడ నొప్పి ఉంటుంది. కోత కింద కండరాలు బిగుసుకోవడం వల్ల వస్తుంది. ఇలా ఊపిరి తీసుకుంటే సడలుతుంది. మంచం మీద ఇలా పక్కకు తిరగాలి" అని. ఎవరికి చెప్పారో సర్జన్లకు తెలియనివ్వలేదు. ఆపరేషన్ తర్వాత ఆ మాటలు విన్నవాళ్ళకు నొప్పి మందు దాదాపు సగమే సరిపోయింది. సగటున 2.7 రోజులు ముందే ఇంటికి వెళ్ళారు. ఖర్చు ఎంత? కాసేపు కూర్చుని చెప్పినంత.

ఇప్పుడు మన ఇళ్ళలో ఏం జరుగుతుందో చూడండి. డాక్టరుతో బయట మాట్లాడి, లోపలికి నవ్వు మొహం పెట్టుకుని వస్తాం. మంచం మీది మనిషి ఆ నవ్వును చదవడం మొదలుపెడతాడు. "ఏమన్నారు?" అని అడిగితే, "ఏం కాదులే నాన్నా, మీరు పడుకోండి" అంటాం. ప్రేమతోనే అంటాం. కానీ ఆ మాట వినేవాడికి చేరేది వేరు. "దీని గురించి ఇక మాట్లాడొద్దు" అని చేరుతుంది. అప్పుడు ఆయనకు రెండు పనులు పడతాయి. తన భయాన్ని తను మొయ్యాలి, అది మనకు కనపడకుండా దాచాలి.

ఇందాక చెప్పిన పెద్దావిడ ఆపరేషన్ అయిన నాలుగో రోజుకు కూడా మోకాలు వంచనివ్వలేదు. ముగ్గురు పిల్లలూ చుట్టూ నిలబడి "ఏం కాదులే అమ్మా" అంటున్నారు. వాళ్ళను టీకి పంపించి, "అమ్మా, వంచితే ఏమవుతుందని మీ భయం?" అని అడిగాను. కుట్లు తెగి, కొత్త కీలు ఊడి బయటికి వస్తుందని ఆవిడ అనుకుంటోంది! ఎక్స్‌రే చూపించాను. బొమ్మ కీలు చేతికిచ్చి, ఎముకకు ఎలా బిగిస్తారో చెప్పాను. ఆ పూటే కాలు అంతకు ముందుకంటే బాగా వంగింది. నొప్పి పోలేదు. నొప్పి అంటే తెగిపోవడం కాదని తెలిసింది, అంతే.

ఆటగాడికి దెబ్బ తగిలితే అతనూ రోగే. మన పుల్లెల గోపీచంద్ గారికి 1994లో మోకాలి లిగమెంట్ తెగింది. 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచారు. ఆ రెండు తేదీల మధ్య ఎన్ని ఉదయాలు ఉంటాయో ఊహించుకోండి. మా కబడ్డీ కుర్రాడికి తొమ్మిది నెలలకు కాలి బలం వచ్చింది. కొలతలన్నీ బాగున్నాయి. కూతకు వెళ్ళి మలుపు తిరగబోయేసరికి మాత్రం కాలు ఆగిపోయేది. అడిగితే చెప్పాడు: "మళ్ళీ తెగితే స్పోర్ట్స్ కోటా ఉద్యోగం పోయినట్టే సార్. ఇంకో ఆపరేషన్‌కు నాన్న దగ్గర డబ్బు లేదు." మోకాలిలో ఉందనుకున్న భయం ఇంట్లో ఉంది. తర్వాత మెట్లు మెట్లుగా వెళ్ళాం. ముందు ఖాళీ కోర్టులో సగం వేగంతో, తర్వాత ఒక్క డిఫెండర్‌తో, ఆ తర్వాత ముగ్గురితో. ఇప్పుడు ఆడుతున్నాడు. భయం పోయిందా అని అడిగాను. "ఉంది సార్, కాకపోతే కాళ్ళకు అడ్డం పడట్లేదు" అన్నాడు.

కాబట్టి మీ ఇంట్లో ఎవరికన్నా ఆపరేషన్ ఉన్నా, మీ అమ్మాయికి రేపు మ్యాచ్ ఉన్నా మూడు పనులు చెయ్యండి. మొదటిది, అడగండి. "దేనికి భయపడుతున్నావు?" అని అడిగి, జవాబు వచ్చేదాకా ఊరుకోండి. రెండోది, జరగబోయేది వరసగా చెప్పండి లేదా డాక్టరు చేత చెప్పించండి. నొప్పి ఉండేచోట ఉంటుందనే చెప్పండి. మూడోది, ఊపిరి. గుండె వేగాన్ని మనం నేరుగా తగ్గించలేం, ఊపిరి వేగం మాత్రం మన చేతిలో ఉంది. నాలుగు లెక్కపెడుతూ లోపలికి, ఆరు లెక్కపెడుతూ బయటికి, ఐదు నిమిషాలు. ఊపిరి వదిలేటప్పుడు గుండె కాస్త నెమ్మదిస్తుంది. కూత పట్టడం తెలిసిన బడి మనది, ఊపిరి నిదానంగా వదలడం మనకు కొత్తేమీ కాదు.

ఒక హెచ్చరిక. ఛాతీలో నొప్పి, ఆయాసం, గుండె దడ వస్తే "టెన్షన్‌లే" అని మీరే తేల్చేయకండి. ముందు డాక్టరుకు చూపించండి. థైరాయిడ్ ఎక్కువైనా దడ వస్తుంది. అలాగే నిద్ర, తిండి వారాల తరబడి దెబ్బతింటే, బతకాలని లేదన్న మాట వస్తే, మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్ళడానికి సిగ్గుపడకండి. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ ఉంది. నంబరు 14416, రాత్రీ పగలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఇప్పుడే ఫోన్లు తీసి సేవ్ చేసుకోండి, నేను ఆగుతాను.

చివరగా సంఘానికి ఒక విన్నపం. మన దగ్గర రక్తదాతల జాబితా ఉంది, అర్ధరాత్రి ఫోన్ చేసినా పలుకుతారు. దాని పక్కనే ఇంకో జాబితా పెడదాం. బైపాస్ అయినవాళ్ళు, కీలు మార్పించుకున్నవాళ్ళు, కీమో పూర్తి చేసుకున్నవాళ్ళు ఇష్టమైతే తమ పేరు ఇస్తారు. రేపు అదే ఆపరేషన్‌కు వెళ్ళబోయే మనవాడి దగ్గర ఒక అరగంట కూర్చుంటారు. వైద్య సలహా ఇవ్వొద్దు, మందుల పేర్లు చెప్పొద్దు. "మొదటి రాత్రి ఇలా ఉంటుంది, మూడో రోజుకు ఇలా ఉంటుంది" అని తమకు జరిగింది చెబితే చాలు. ఇప్పుడు ఎవరికన్నా ఆపరేషన్ అంటే వాట్సాప్ గ్రూపులో నలభై జతల చేతులు జోడించిన బొమ్మలు వస్తాయి. అవి వద్దనను. వాటిలో ఒక్క జత లేచి ఆసుపత్రి దాకా వెళితే బాగుంటుందంటాను.

నా పేరు, నా నంబరు ఆ జాబితాలో మొదట రాసి, కాగితం ఈ బల్ల మీద పెడుతున్నాను. కలం కూడా ఇక్కడే ఉంది.